నాకు రాసిన మాత్రలో సగం

డాక్టరు నాకు రాసిచ్చిన మాత్రలు మా యారాలికి పెట్టి, ఆమె ప్రాణం మీదికి తెచ్చిన ఘనత నాది. యారాలంటే మా బావగారి భార్య, నాకు తోటికోడలు. ఇన్నేళ్ల తర్వాత ఈ మాట ఇంత నింపాదిగా రాయగలుగుతున్నానంటే ఆమె చల్లగా ఉండబట్టే. మొన్న ఫోన్ చేసి, "నా గురించి ఏదో రాస్తున్నవట. లావుగ ఉండేదని మాత్రం రాయకు" అని హుకుం జారీ చేసింది. రాయక తప్పదు. అసలు గొడవంతా అక్కడే మొదలైంది.

తొంభైలు మొదలైన రోజులవి. సిద్దిపేటలో మాది బియ్యం దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు, పైన మిద్దె. దుకాణం అన్నదమ్ములు చూసుకునేవారు, ఇల్లు మా అత్త చూసుకునేది. ఆమెకు చదువు రాదు కానీ ఇంట్లో పోయిన సూది ఎక్కడుందో కూడా తెలిసేది. ఆమె పెట్టిన కట్టుబాట్లలో మొదటిది, ఈ ఇంట్లో ఏదీ ఎవరూ ఒక్కరే తినకూడదు. జామకాయ ఒకటే వస్తే ఎంతమంది ఉంటే అన్ని ముక్కలయ్యేది. పిల్లాడికి దగ్గుమందు తెస్తే దగ్గు లేనివాళ్లకు కూడా తలా ఒక చెంచా పోసేది. నేను బాలింతగా ఉన్నప్పుడు రాసిన బలం టానిక్ సీసా మూడు రోజుల్లో ఖాళీ అయింది. ఇల్లంతా బలపడింది, నేను తప్ప.

"ఒక్కదానివే తింటే ఒంటికి పట్టది బిడ్డా" అనేది అత్త.

నాకు మాత్రం అందరితో తిన్నది కూడా బాగానే పట్టింది. రెండో కాన్పు అయిన రెండేళ్లకు ఎనభై నాలుగు కిలోలయ్యాను. కింద కూర్చుంటే గోడ పట్టుకుని లేవాలి. మోకాళ్లు రాత్రంతా సలిపేవి. మా వీధి చివర ఒక డాక్టరు ఉండేవాడు. పెద్దాయన, మాట కటువు, చెయ్యి మంచిది. ఆయన నాకు వెంటనే మందేమీ ఇవ్వలేదు. రాత్రి అన్నం మాన్పించి జొన్నరొట్టె తినమన్నాడు, పొద్దున్నే కోమటి చెరువు కట్ట మీద నడవమన్నాడు. నాలుగు నెలలు నడిచి రెండు కిలోలు తగ్గాను. మా చెల్లెలి పెళ్లిలో వారం రోజులు తిని మూడు కిలోలు పెరిగాను. అప్పుడు ఆయన చాలాసేపు ఆలోచించి, ఆకలి తగ్గించే మాత్రలు రాస్తానన్నాడు.

రాసేముందు అడిగిన ప్రశ్నలకు నాకు విసుగొచ్చింది.

"బీపీ ఉన్నదా? గుండె జబ్బు ఉన్నదా? చిన్నప్పుడు కీళ్లు వాసి జొరమొచ్చిందా? కడుపుతోటి ఉన్నవా? వేరే మందులు ఏమన్న మింగుతున్నవా?"

అన్నిటికీ లేదు, లేదు అన్నాను. పెళ్లిచూపుల్లో కూడా నన్నెవరూ ఇన్ని అడగలేదు. గుండె మీద గొట్టం పెట్టి విన్నాడు, బీపీ చూశాడు, ఆ తర్వాతే కలం తీశాడు.

"పొద్దున ఒక్కటే. ఒకనాడు మరిస్తే మరిచినట్టే, తెల్లారి రెండు మింగద్దు. గుండె దడ వచ్చినా, దమ్మొచ్చినా ఆపేసి నా దగ్గరికి రావాలె. ఇరవై రోజులకు ఒకపారి నాడి సూస్త, బీపీ సూస్త. మూడు నెలల కంటె ఎక్కువ రాయను. నడుసుడు మానద్దు, మాత్ర మింగుతున్న గదా అని. ఆఁ, వచ్చేటప్పుడు మాత్రలు తీసిన ఖాళీ పట్టీలు తేవాలె. ఖాళీ పట్టీ లేదంటే కొత్త చీటీ లేదు."

నా పక్కన కూర్చున్న అత్త ఇదంతా శ్రద్ధగా విన్నది. ఆమెకు బాగా గుర్తుండిపోయింది మాత్రం చివరిదొక్కటే, ఖాళీ పట్టీలు.

వారానికోసారి బరువు చూసుకోమని కూడా చెప్పాడు. బరువు చూసే మిషను మా ఇంట్లో ఎక్కడిది? దుకాణంలో బస్తాలు తూచే కాంట ఉంది. ఆదివారం పొద్దున్నే, షట్టరు ఎత్తకముందే, నన్ను ఆ కాంట మీద నిలబెట్టి మా ఆయన తూకం చూసేవాడు. అత్తకు ఇది అస్సలు నచ్చలేదు. "మనిషిని బియ్యం బస్తా లెక్క తూస్తరా? దిష్టి తగలదా?" అని తిట్టుకుంటూనే, నేను దిగగానే గుప్పెడు ఉప్పు తెచ్చి నా చుట్టూ తిప్పి పొయ్యిలో వేసేది. మొదటి ఇరవై రోజుల్లో నోరు ఎండిపోవడం, రాత్రి సరిగా నిద్ర పట్టకపోవడం తప్ప ఇబ్బందేమీ రాలేదు. రెండున్నర కిలోలు తగ్గాను. ఆ ఆదివారం ఉప్పు రెండు గుప్పెళ్లయింది.

ఆ రోజు దుకాణం గడప మీద కూర్చుని మా అక్క ఇదంతా చూస్తోంది. అక్క అంటే మా యారాలే. నాకంటే పదేళ్లు పెద్దది, బెజ్జంకి నుంచి పదహారేళ్లకే ఈ ఇంటికి వచ్చింది. నేను కొత్తకోడలిగా అడుగుపెట్టిన రోజు నా ఏడుపు చూసి, తానూ ఏడ్చి, ఆ తర్వాత ఇద్దరినీ నవ్వించిన మనిషి. మాట కంటే ముందు నవ్వు వచ్చేది ఆమెకు. మనిషి కూడా నిండుగా ఉండేది. నాకంటే తక్కువేం కాదు.

ఆమెకున్న బాధ మోకాళ్లు కాదు, ఆయాసం. మిద్దె మీద మిర్చి ఎండబెట్టడానికి పోతే ఐదో మెట్టు దగ్గర ఆగేది. కుడిచెయ్యి గోడకు ఆనించి, కళ్లు మూసుకుని, కాసేపు నిలబడి, మళ్లీ ఎక్కేది. ఏళ్ల తరబడి అదే మెట్టు, అదే జాగ. పసుపు, నూనె, పిండి అంటిన ఆమె చెయ్యి తగిలి తగిలి సున్నం గోడ మీద అరచేతి ముద్ర పడిపోయింది. ప్రతి దసరాకు సున్నం వేసేవాళ్లం. రెండు నెలలు తిరిగేసరికి మళ్లీ కనిపించేది.

"నా బిడ్డ సంతకం పెట్టింది" అని అత్త నవ్వేది. అందరం నవ్వేవాళ్లం. బువ్వ తగ్గించు, దమ్ము అదే తగ్గుతుందని ప్రతివాళ్లూ చెప్పేవాళ్లు. నేను కూడా చెప్పాను. లావుగా ఉన్న మనిషికి ఆయాసం వస్తే లావు వల్లేనని తేల్చేయడానికి డాక్టరు చదువు ఎందుకు?

ఆ మధ్యాహ్నం మిద్దె మీద ఇద్దరమే ఉన్నప్పుడు అడిగింది.

"నాక్కూడ పెట్టరాదే ఆ గోలీలు. కొంచెం తగ్గితెనన్న ఈ దమ్ము పోతదేమో."

"డాక్టరును అడుగుదాం తియ్యి అక్కా."

"అమ్మో, ఆయన ముందర నేను బరువెంతనో చెప్పాలె, ఆయన తిట్లు తినాలె. మీ బావకు తెలిస్తె ఇంకా నవ్వుతడు. నీకు రాసిండు గదా, నీకేమన్న అయిందా? ఒక్కదానివే మింగుతవా ఏంది?"

ఆ చివరి మాటకు ఆ ఇంట్లో జవాబు లేదు. ఎవరికీ చెప్పనని నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టు వేయించుకుంది. ఆ రోజు నేను భయపడలేదని రాస్తేనే నిజం రాసినట్టు. పైగా మనసులో కాస్త గొప్పగా కూడా అనిపించింది. అన్నీ ఆమె నాకు పెట్టింది, నేను ఆమెకు పెట్టగలిగింది ఇదొక్కటే కదా అనుకున్నాను.

ఇరవై రోజులకని డాక్టరు రెండోసారి రాసిన రెండు పట్టీలు ఇద్దరం మింగితే పదిరోజులకు అయిపోయాయి. మేమెప్పుడూ కొనే మందుల దుకాణానికి పోతే అతను తారీఖు చూసి, అప్పుడే ఎట్లా అయిపోయాయని అడుగుతాడు. అందుకని అదే చీటీ పట్టుకుని బస్టాండు దగ్గర ఇంకో దుకాణానికి పోయాను. అక్కడ అడిగింది ఒకే ఒక ప్రశ్న, "ఎన్ని పట్టీలు?" అని. నాకు ఎంత హాయిగా అనిపించిందో! డాక్టరు అనవసరంగా అన్ని ప్రశ్నలు అడుగుతాడనుకుంటూ ఇంటికి వచ్చాను.

పన్నెండో రోజో, పదమూడో రోజో, బియ్యం చెరుగుతూ అక్క ఉన్నట్టుండి చాట కింద పెట్టింది.

"ఏమైందక్కా?"

"గుండె ఉరుకుతున్నదే. రాత్రి సుత గిట్లనే ఉరికింది." మళ్లీ వెంటనే నవ్వింది. "కొవ్వు కరుగుతున్నది గావచ్చు. కరుగుతాంటె గుండె ఉరకదా మరి?"

దడ వస్తే ఆపేసి రమ్మని డాక్టరు చెప్పిన మాట నాకు గుర్తు రాకపోలేదు. కానీ ఆయన చెప్పింది నా గుండె గురించి కదా, నాకేమీ కాలేదు కదా అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా తెలివికి నేనే దండం పెట్టుకోవాలి. మాత్రలు ఆపుదాం అన్నాను, గట్టిగా మాత్రం అనలేదు. కిలోన్నర తగ్గానని ఆమె సంబరపడుతోంది. ఆ సంబరం చెడగొట్టడానికి నాకు నోరు రాలేదు. మాత్రలు సాగాయి. ఐదో మెట్టు దగ్గర ఆమె ఆగే సమయం పెరిగింది. ఒకరోజు ఆ మెట్టు మీదే కూర్చుండిపోయింది.

ఇరవయ్యో రోజు నేను డాక్టరు దగ్గరికి బయలుదేరాను. ఎప్పటిలా అత్త వెంట వచ్చింది. నా సంచిలో రెండు ఖాళీ పట్టీలు పెట్టుకున్నాను, మిగిలిన రెండూ అక్క గదిలో బట్టల కింద ఉన్నాయి. పకడ్బందీగా చేశానని నా ధైర్యం.

డాక్టరు చెయ్యి చాపాడు. "పట్టీలు?"

నేను సంచిలో చెయ్యి పెట్టేలోపే అత్త కొంగు ముడి విప్పి, దారంతో కట్టిన నాలుగు పట్టీలు బల్ల మీద పెట్టింది. "నీ సంచిలవి రెండు తీసిన, యాడన్న పడిపోతయని. ఇంకో రెండు పెద్దదాని గదిల బట్టలు సదురుతాంటె దొరికినయి. ఖాళీ పట్టీ లేకుంటె చీటీ ఇయ్యనంటివి గద సారూ, ఒక్కటి సుత పోనియ్యలే" అన్నది. ఆమె మొహంలో గర్వం చూడాలి.

నేను దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను.

ఆయన లెక్కపెట్టాడు. నలభై. మొహం ఎర్రబడింది. "రెండు రెండు మింగుతున్నవా? చస్తవు తెలుసా?" అని అరిచి, నా చెయ్యి లాక్కుని నాడి పట్టుకున్నాడు. తర్వాత బీపీ చూశాడు. మళ్లీ ఒకసారి చూశాడు. అరుపు ఆగిపోయింది. అద్దాలు తీసి నా మొహంలోకి చూశాడు.

"రెండు మింగినోళ్ల నాడి గిట్ల ఉండదు. నువ్వు మింగింది ఒకటే. రెండోది ఎవరు మింగుతున్నరమ్మా?"

నేను అత్త వైపు చూశాను. నా నెత్తి మీద అక్క పెట్టిన చెయ్యి ఇంకా అక్కడే ఉన్నట్టనిపించింది.

"ఆ మనిషిని నేను ఏమీ అడగలేదు. నిన్ను అడిగిన, నీకు రాసిన. ఆమెకు ఏమున్నదో నాకు తెల్వది, నీకు తెల్వది. ఆమె మంచిగ ఉన్నదా?"

మంచిగ ఉన్నదా అన్న ఆ ఒక్కమాటతో నాకు ఏడుపు తన్నుకొచ్చింది. మెట్టు మీద కూర్చున్న అక్క కళ్లముందు కనిపించింది. అంతా చెప్పేశాను, దడ సంగతి, ఆయాసం సంగతి, ఒట్టు సంగతి. అత్త లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి నడిచింది. పావుగంటలో రిక్షాలో అక్కను ఎక్కించుకుని వచ్చింది.

అక్క గుండె మీద గొట్టం పెట్టి డాక్టరు చాలాసేపు విన్నాడు. ఎడమవైపు తిరిగి పడుకోమన్నాడు, మళ్లీ విన్నాడు. ఆ తర్వాత నన్ను విసిగించిన ప్రశ్నలే ఒక్కొక్కటి అడిగాడు. మూడో ప్రశ్నకు అక్క లేదనలేదు.

"చిన్నగున్నప్పుడు ఒకపారి మోకాళ్లు, మోచేతులు వాసి జొరమొచ్చింది. నెల రోజులు మంచం మీదనే ఉన్న. మా అవ్వ పసరు పోసింది, తగ్గింది. గది ఇప్పుడెందుకు సారూ?"

ఆ జ్వరం కీళ్లను వదిలేసింది కానీ గుండెను వదల్లేదని ఆయన చెప్పాడు. గుండెలో ఒక తలుపు ఇరుకైపోయి ఉంటుందని, ఆ ఆయాసం లావు వల్ల వచ్చింది కాదని, అలాంటి గుండె ఉన్న మనిషికి ఈ మాత్రలు ముట్టించనే కూడదని అన్నాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందనే సామెత నేను ఎంతమంది మీదో వాడాను. ఆ రోజు అది నా మీదికే వచ్చింది. మాత్రలు ఆ క్షణం నుంచే బంద్. గుండె స్కానింగు కోసం మర్నాడే పట్నం పొమ్మని చీటీ రాశాడు.

పట్నం బస్సులో కిటికీ పక్కన అక్క, మధ్యలో నేను, ఇవతల అత్త. బస్సు ప్రజ్ఞాపూర్ దాటింది. అక్కకేమన్నా అయితే ఆమె పిల్లల మొహం ఎట్లా చూడాలన్నదొక్కటే నా తలలో తిరుగుతోంది. ఆమె అది కనిపెట్టింది.

"నువ్వేం కావాలని పెట్టలేదే. నేనడిగిన, నువ్విచ్చినవు. గట్ల మొహం పెట్టకు, నాకు భయమైతున్నది" అన్నది.

ఆస్పత్రిలో స్కానింగు గది బయట నడవాలో మేం కూర్చున్నది గంటే అయినా, నాకు కాన్పు నొప్పులు కూడా అంతసేపు పట్టినట్టు గుర్తులేదు. బయటికి వచ్చిన పెద్ద డాక్టరమ్మ కాగితం చూపించి నెమ్మదిగా చెప్పింది. తలుపు ఇరుకైన మాట నిజమే. గుండెకు కొత్తగా దెబ్బ తగల్లేదు. మాత్రలు ఆపడం మంచిదైంది. వైద్యం ఉంది, మనిషి బతుకుతుంది. అప్పటిదాకా నిబ్బరంగా ఉన్న అత్త అక్కడే నేల మీద కూలబడి, "బతుకు జీవుడా" అని ఆ డాక్టరమ్మ కాళ్లు పట్టుకోబోయింది. నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు. పోయిన ప్రాణం లేచొచ్చింది. బస్టాండులో ముగ్గురం కలిసి ఒక పొట్లం మిర్చి బజ్జీలు కొనుక్కున్నాం. ఉప్పు, నూనె తగ్గించమన్నారు కదా అని అక్క ఒక్కటే తిని, మిగతావి మాకు పంచింది.

ఇరవై ఒక్క రోజులకోసారి ఆమెకు ఒక సూది పొడిపించాలి. కీళ్ల జ్వరం మళ్లీ రాకుండా ఇచ్చే సూది. తొడలో సీసం పోసినట్టు నొప్పి పెడుతుందట. మొదటిసారి తీసుకుపోయింది నేనే. బల్ల మీద పడుకుని, నర్సమ్మ సూది ఎత్తగానే నా చెయ్యి బిగించి పట్టుకుంది.

"ఏమే, మాత్రలైతె సగం పంచుకుంటివి గద. ఇందుల సుత సగం పొడిపిచ్చుకో!"

నర్సమ్మ నవ్వాపుకోలేక సూది దించేసింది. ఆ నవ్వు విన్నాకే నేను మళ్లీ మామూలు మనిషినయ్యాను.

ఇంటికి వచ్చాక అత్త తన కట్టుబాటు మార్చుకుంది. మా పాత చీరల అంచులు చింపి పీలికలు చేసింది. నా మందులకు ఎర్ర పీలిక, అక్క మందులకు పచ్చ పీలిక, తన కాళ్లనొప్పుల గోలీలకు తెల్లది. ఒకరి పీలిక ఉన్నది ఇంకొకరు ముట్టుకుంటే చేతి మీద దెబ్బ పడేది. "జామకాయ పంచుకోరి, మందు పంచుకుంటె మాత్రం కాళ్లిరగ్గొడ్త" అని అందరికీ చెప్పింది. దగ్గుమందు చెంచాలు కూడా ఆ రోజుతో ఆగిపోయాయి. నేను నా మూడు నెలల మందు డాక్టరు చెప్పినట్టే వాడి, చెప్పినట్టే ఆపేశాను. తొమ్మిది కిలోలు తగ్గాను, తర్వాత నాలుగు మళ్లీ ఎక్కాయి. వాటితో నాకు పెద్ద పేచీ లేదు. కొన్నేళ్లకు ఆ మాత్ర దుకాణాల్లో అమ్మడమే ఆపేశారని విన్నాను.

ఆరు నెలల తర్వాత పట్నంలోనే అక్కకు తొడ దగ్గరి నరం గుండా చిన్న బుడగ పంపించి ఆ ఇరుకు తలుపును వెడల్పు చేశారు. వారానికి ఇంటికి వచ్చింది. కొన్నాళ్లు మిద్దె ఎక్కనివ్వలేదు. తర్వాత నెమ్మదిగా ఎక్కనిచ్చాం, నేను వెనకాలే ఉండి.

ఆ ఏడు దసరాకు సున్నం వేశాం. పనుల్లో పడి, పిల్లల చదువుల్లో పడి ఆ సంగతే మరిచిపోయాను. మళ్లీ దసరా వచ్చింది. సున్నం తడిపి, గోడలు దులుపుతూ అత్త మెట్ల దగ్గరికి పోయింది. కాసేపటికి ఆమె గొంతు వినిపించింది.

"ఓ పిల్లా, గిటు రా."

ఏమైందోనని ఉరికాను. అత్త ఐదో మెట్టు మీద కూర్చుని, చీపురు పక్కన పెట్టి, అరచేత్తో గోడ తడుముతోంది. ఆమె కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి.

"సూడే, ఏడాదైంది. గోడ తెల్లగనే ఉన్నది."

పైన మిద్దె మీద మిర్చి తిరగేస్తూ అక్క ఎవరినో పిలుస్తోంది, ఒక్క బిగిన, ఎక్కడా ఆగకుండా.